బీటా హెచ్‌సీజీ రిపోర్టు చేతికొచ్చింది, ఇప్పుడేం చెయ్యాలి?

రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది. తెరిస్తే బీటా హెచ్‌సీజీ (గర్భం హార్మోన్‌ని కొలిచే రక్తపరీక్ష) అని ఒక వరస, పక్కన 312 అని లావు అక్షరాల్లో ఒక అంకె, కింద వారాల వారీగా ఒక పట్టిక, అట్టడుగున "కైండ్లీ కోరిలేట్ క్లినికల్లీ" (మీ లక్షణాలతో కలిపి డాక్టర్ చూడాలి) అని ఒక ముక్క. అంతే. డాక్టరమ్మ ఓపీకి వచ్చేది పొద్దున పదకొండింటికి. ఈలోపు అత్తయ్య ఒకటంటుంది, ఊళ్లో అమ్మ ఫోన్‌లో ఇంకోటంటుంది, ఆయన గూగుల్‌లో ఏదో చదివి ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు. ఆ రాత్రి కోసమే ఇది రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని. పన్నెండేళ్లుగా శాంపిల్ కౌంటర్లో కూర్చుని రక్తం తీస్తున్నాను, మెషిన్‌లో పెడుతున్నాను, రిపోర్టు తీసుకునే వాళ్ల ముఖాలు చూస్తున్నాను. "మేడమ్, నార్మలేనా?" అని అడగని వాళ్లు లేరు. నార్మల్ అని చెప్పే అధికారం నాకు లేదు. కానీ ఆ అంకె దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో మాత్రం చెప్పగలను. ఒక్క రిపోర్టు చూసి కడుపు నిలుస్తుందనీ చెప్పలేం, పోయిందనీ చెప్పలేం. రెండు శాంపిళ్లు కావాలి, మధ్యలో 48 గంటలు ఉండాలి, రెండూ ఒకే ల్యాబ్‌లో ఇవ్వాలి, ఆ తర్వాత స్కానింగ్.

అయితే కొందరు ఇది చదువుతూ కూర్చోకూడదు. నెల తప్పి ఉండి, పొత్తికడుపులో ఒక పక్క పట్టి పొడుస్తున్నట్టు నొప్పి, లేదా దెబ్బేమీ తగలకుండానే భుజం కొసన నొప్పి, లేదా లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నట్టు ఉండడం, లేదా గంటకి రెండు పెద్ద ప్యాడ్‌ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా రిపోర్టులో ఏముందో చూడొద్దు, 108కి ఫోన్ చేసి కాజువాలిటీకి వెళ్లిపోండి. గర్భసంచిలో కాకుండా పక్కనున్న ట్యూబులో నిలిచిన గర్భం పగిలితే లోపల రక్తం కారుతుంది, బయట చుక్క కనిపించకపోవచ్చు. బీటా 200 ఉన్నప్పుడు కూడా ట్యూబు పగలొచ్చు, "తక్కువే ఉంది కదా, ఏం కాదులే" అనే లెక్క ఇక్కడ చెల్లదు.

అసలు ఈ అంకె ఏంటి

పిండం గర్భసంచి గోడకి అతుక్కోగానే, తర్వాత మాయగా మారబోయే కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్ వదలడం మొదలుపెడతాయి. అండం విడుదలైన 8 నుంచి 11 రోజులకి రక్తంలో దొరుకుతుంది. మందుల షాపులో కొనే ప్రెగా న్యూస్ అయినా, ఆశా కార్యకర్త ఇచ్చే నిశ్చయ్ కిట్ అయినా మూత్రంలో ఇదే హార్మోన్ ఉందా లేదా చూస్తాయి. ఉంటే రెండో గీత వస్తుంది, అంతవరకే. ఎంత ఉందో చెప్పేది రక్తపరీక్ష.

బీటా అని ఎందుకంటారంటే, ఈ హార్మోన్‌లో రెండు ముక్కలుంటాయి. ఆల్ఫా ముక్క థైరాయిడ్‌ని నడిపే టీఎస్‌హెచ్‌లోనూ అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్‌లోనూ కూడా అదే. తేడా అంతా బీటా ముక్కలోనే. 1972లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో వైటుకైటిస్, బ్రాన్‌స్టీన్, రాస్ అనే ముగ్గురు ఆ బీటా ముక్కని మాత్రమే పట్టుకునే పరీక్ష చేసి చూపించాక గానీ ఎల్‌హెచ్‌తో కలగాపులగం కాకుండా దీన్ని కొలవడం కుదరలేదు.

5 యూనిట్ల లోపు ఉంటే గర్భం లేనట్టు, 25 దాటితే ఉన్నట్టు. ఆ మధ్యలో ఉంటే రెండు రోజులాగి మళ్లీ చెయ్యాలి, వేరే దారి లేదు. ఐవీఎఫ్‌కో ఐయూఐకో వెళ్లిన వాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అండం విడుదలకి ఇచ్చే 5,000 లేదా 10,000 యూనిట్ల ఇంజెక్షన్ కూడా హెచ్‌సీజీయే, అది పూర్తిగా పోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఇంజెక్షన్ అయిన ఎనిమిదో రోజున ఆగలేక ఇంట్లో కిట్ పెట్టి, గీత చూసి స్వీట్లు పంచి, వారం తర్వాత ఏడ్చుకుంటూ మా కౌంటర్‌కి వచ్చిన వాళ్లున్నారు. అక్కడ పోయింది గర్భం కాదు, ఇంజెక్షన్.

రిపోర్టు కింద ఉండే పట్టికతో మీ అంకెని పోల్చుకోవద్దు. చాలాచోట్ల కనిపించే పట్టికలో ఐదో వారానికి 18 నుంచి 7,340 దాకా అని ఉంటుంది. అంత వెడల్పు తలుపులోంచి ఎవరైనా దూరిపోతారు. పైగా ఆ వారాలు లెక్కేసేది చివరి పీరియడ్ మొదటి రోజు నుంచి. మీకు పీరియడ్స్ ముప్పై ఎనిమిది రోజులకోసారి వస్తుంటే ఆ లెక్క ప్రకారం ఐదో వారమంటే నిజానికి నాలుగో వారం మధ్యలో ఉన్నట్టు. అంకె తక్కువగా కనిపిస్తుంది, తప్పు మాత్రం క్యాలెండర్‌ది.

శాంపిల్ ఇచ్చేటప్పుడు

పరగడుపున రావక్కర్లేదు. టిఫిన్ తినేసి రండి, ఖాళీ కడుపుతో వచ్చి కుర్చీలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లని పట్టుకోవడం మాకు రోజూ ఉండే పనే.

మొదటి శాంపిల్ ఏ రోజు ఇస్తున్నారో చూసుకోండి. శుక్రవారం ఇస్తే రెండోది ఆదివారం పడుతుంది, చాలా ల్యాబ్‌లు ఆదివారం పూట సగం రోజే తీస్తాయి, కొన్ని శాంపిల్ తీసుకున్నా మెషిన్ సోమవారమే వేస్తాయి. నొప్పి, బ్లీడింగ్ ఏమీ లేకుండా డాక్టర్ "ఈ వారంలో చేయించండి" అని వదిలేస్తే సోమ, మంగళ, బుధవారాల్లో మొదలుపెట్టడం హాయి. బ్లీడింగ్ ఉంటే మాత్రం వారం వర్జ్యం చూడొద్దు, ఆ రోజే ఇవ్వండి.

రెండోసారి కూడా అదే ల్యాబ్, వీలైతే అదే బ్రాంచి. ఒక్కో కంపెనీ మెషిన్ హెచ్‌సీజీలో ఒక్కో రూపాన్ని ఒక్కో రకంగా పట్టుకుంటుంది, అందుకని అదే రక్తాన్ని రెండు చోట్ల ఇస్తే రెండు అంకెలొస్తాయి. రెండూ తప్పు కాకపోవచ్చు. కానీ ఒక చోటి 800ని ఇంకో చోటి 1,100తో పోల్చి "పెరిగింది" అనుకుంటే మాత్రం మోసపోతారు. ఆఫర్ వచ్చిందనో ఇంటికొచ్చి తీసుకెళ్తున్నారనో మధ్యలో ల్యాబ్ మార్చొద్దు.

జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్లలు వేసుకుంటుంటే కౌంటర్లో చెప్పండి. ఇది ఎవరూ అడగరు, మేమూ అడగం, నిజం ఒప్పుకోవాలి. మనకి రోజుకి కావాల్సింది దాదాపు 30 మైక్రోగ్రాములైతే ఆ బిళ్లల్లో 5, 10 మిల్లీగ్రాములుంటుంది. కొన్ని మెషిన్లు పరీక్షలో బయోటిన్‌నే జిగురులాగా వాడతాయి, రక్తంలో అది ఎక్కువగా ఉంటే హెచ్‌సీజీ ఉన్నదానికంటే తక్కువగానూ, ప్రొజెస్టిరాన్ (గర్భాన్ని నిలబెట్టే ఇంకో హార్మోన్) ఉన్నదానికంటే ఎక్కువగానూ చూపిస్తాయి. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. డాక్టర్‌కి చెప్పి రెండు మూడు రోజుల ముందు ఆపితే చాలు. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపొద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక టైమ్. రిపోర్టు మీద మూడు టైములుంటాయి: శాంపిల్ తీసింది, ల్యాబ్‌కి చేరింది, రిపోర్టు ఇచ్చింది. జనం చూసేది మూడోది, కావాల్సింది మొదటిది. ఆ మొదటిది కూడా ఒక్కోసారి బిల్లు కొట్టిన టైమే అయ్యుంటుంది. మా ల్యాబ్‌లోనే ఒకసారి తొమ్మిదింటికి బిల్లు కట్టి, రద్దీకి విసిగిపోయి ఇంటికెళ్లి సాయంత్రం ఆరింటికొచ్చి రక్తమిచ్చిన ఆవిడకి పొద్దున తొమ్మిది అని ప్రింటయింది. తొమ్మిది గంటల తేడా. సూది గుచ్చిన టైమ్‌ని మీ ఫోన్‌లో మీరే రాసుకోండి, ఎవర్నీ నమ్మొద్దు.

లెక్క ఇలా వెయ్యాలి

రెండో అంకెలోంచి మొదటి అంకె తీసెయ్యండి. వచ్చినదాన్ని మొదటి అంకెతో భాగించి వందతో గుణించండి. ఎంత శాతం పెరిగిందో వస్తుంది.

మొన్న వేసవిలో ఒకమ్మాయి వచ్చింది, పాతికేళ్లుంటాయేమో, పక్కన ఆడపడుచు. మొదటి రిపోర్టు 312. సరిగ్గా రెండు రోజులకి 486. ఆడపడుచు రిపోర్టు లాక్కుని చూసి "డబుల్ అవ్వలేదే!" అంది, అంత గట్టిగా అనేసరికి వెయిటింగ్‌లో కూర్చున్న నలుగురూ ఇటు తిరిగారు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, చేతిలో ఉన్న దూది ముక్కని అలా నలుపుతూ నిలబడింది. నేను బిల్లు వెనక్కి తిప్పి రాసి చూపించాను. 486లోంచి 312 పోతే 174. 174ని 312తో భాగిస్తే దాదాపు 0.56. అంటే 56 శాతం పెరిగింది.

56 శాతం మంచిదా చెడ్డదా? ఇక్కడే అసలు విషయం ఉంది. "48 గంటలకి డబుల్ అవ్వాలి" అన్నది అందరికీ నోటికొచ్చేసిన మాట, కానీ అది సగటుకి దగ్గరి లెక్కే గానీ కనీసం ఉండాల్సిన హద్దు కాదు. చక్కగా నిలిచిన గర్భాల్లో కూడా మెల్లగా పెరిగేవి ఉంటాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రిషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2018 నుంచి వాడుతున్న కనీస హద్దులు ఇవి: మొదటి అంకె 1,500 లోపుంటే 48 గంటల్లో 49 శాతం, 1,500 నుంచి 3,000 మధ్య ఉంటే 40 శాతం, 3,000 దాటితే 33 శాతం. నిలిచే గర్భాల్లో నూటికి తొంభై తొమ్మిది ఆ మాత్రమైనా పెరుగుతాయి. అంకె పెద్దదయ్యే కొద్దీ వేగం తగ్గడం సహజం కాబట్టే హద్దు కూడా తగ్గుతోంది. బ్రిటన్‌లో నైస్ సంస్థ మార్గదర్శకాలు కొంచెం వేరు: స్కాన్‌లో గర్భం ఎక్కడుందో ఇంకా కనిపించని వాళ్లలో 63 శాతం కంటే ఎక్కువ పెరిగితే గర్భసంచిలోనే ఉండే అవకాశం ఎక్కువని, 7 నుంచి 14 రోజుల్లో స్కాన్ చెయ్యమని, 50 శాతం కంటే ఎక్కువ పడిపోతే నిలిచే అవకాశం తక్కువని, ఆ రెంటి మధ్య ఉంటే 24 గంటల్లో డాక్టర్ చూడాలని అంటుంది.

ఇప్పుడా అమ్మాయి 56 శాతాన్ని చూడండి. అమెరికా లెక్కలో కనీస హద్దు దాటింది. బ్రిటన్ లెక్కలో నడిమిట్లో పడింది. ఆడపడుచు లెక్కలో ఫెయిలయింది. నేను చెప్పిందల్లా, "ఇది పోయిందని చెప్పే అంకె కాదమ్మా, అలా అని నిశ్చింతగా పడుకోమని చెప్పే అంకే కాదు, రేపు పొద్దున్నే డాక్టర్‌కి రెండు రిపోర్టులూ చూపించు, ఈలోగా నొప్పి వస్తే మాత్రం రాత్రైనా వెళ్లు." తర్వాత ఆమె మా దగ్గరికి రాలేదు. మా పనిలో అంతే, సగం కథలకి ముగింపు మాకు తెలియదు.

సరిగ్గా 48 గంటలకి ఇవ్వలేకపోతే? ఫోన్ క్యాలిక్యులేటర్‌ని అడ్డం తిప్పండి, ఎక్స్ పక్కన పైన చిన్న వై ఉండే బటన్ కనిపిస్తుంది. ఉదాహరణకి మొదటిది 240, 60 గంటలకి రెండోది 420. 420ని 240తో భాగిస్తే 1.75. 48ని 60తో భాగిస్తే 0.8. ఇప్పుడు 1.75 కొట్టి ఆ బటన్ నొక్కి 0.8 కొట్టండి, దాదాపు 1.56 వస్తుంది. అంటే 48 గంటలకి 56 శాతం లెక్క. మామూలుగా 75 శాతం అనుకుని సంబరపడే వాళ్లం కదా, తేడా చూశారా.

పెరుగుదల బాగుంటే ట్యూబులో లేనట్టేనా అంటే, కాదు. ట్యూబులో ఉన్న గర్భాల్లో కొన్ని అచ్చం మామూలు గర్భంలాగే పెరుగుతాయి, కొన్ని పోతున్న గర్భంలా పడిపోతాయి. అంకె అనుమానాన్ని పెంచగలదు, తగ్గించగలదు, చోటు మాత్రం చూపించలేదు. చోటు చూపించేది స్కానింగే.

పడిపోతుంటే

640 ఉన్నది రెండు రోజులకి 280 అయిందనుకోండి. 56 శాతం తగ్గింది. ఇక్కడ మెత్తగా చెప్పడానికేం లేదు, ఆ గర్భం నిలవడం లేదు. స్కాన్‌లో ఏమీ కనిపించే లోపే ఇలా అయితే బయోకెమికల్ ప్రెగ్నెన్సీ అంటారు. నార్త్ కరొలినాలో 221 మంది ఆడవాళ్ల మూత్రం రోజూ పరీక్షించి 1988లో విల్కాక్స్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, మొదలైన గర్భాల్లో 22 శాతం వాళ్లకి గర్భమని తెలిసే లోపే పోయాయి. పూర్వం ఇవి "ఈసారి నాలుగు రోజులు ఆలస్యంగా, కాస్త ఎక్కువగా వచ్చింది" అనే మాటలో కలిసిపోయేవి. ఇప్పుడు కిట్లు ముందే చెప్పేస్తున్నాయి, అందుకే ముందే తెలిసి ముందే ఏడుస్తున్నాం.

పడిపోతోందని ఊరుకోవద్దు, 5 లోపుకి వచ్చేదాకా చూడాలి. డాక్టర్ వారానికోసారి చేయించమనొచ్చు, లేదా రెండో శాంపిల్ అయిన 14 రోజులకి మూత్రం కిట్ పెట్టమనొచ్చు. మొదట్లో అంకె ఎంత పెద్దదైతే అంత ఎక్కువ కాలం పడుతుంది, ఏడెనిమిది వారాలప్పుడు పోతే సున్నాకి రావడానికి నెల పట్టినా వింత కాదు, ఈలోపు కిట్‌లో గీత వస్తే మళ్లీ గర్భమని పొరబడొద్దు. తగ్గుతూ తగ్గుతూ మధ్యలో ఒకచోట ఆగిపోయినా, మళ్లీ కొద్దిగా పైకి లేచినా వెంటనే వెళ్లాలి. లోపల ముక్క మిగిలి ఉండొచ్చు, ట్యూబులో ఉండొచ్చు, అరుదుగా ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ) అయ్యుండొచ్చు.

ట్యూబులో గర్భానికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇచ్చిన వాళ్లకి నాలుగో రోజున, ఏడో రోజున బీటా చూస్తారు. నాలుగో రోజు అంకె మొదటి రోజుకంటే పెరిగి ఉండటం మామూలే, దానికి హడలిపోవద్దు. డాక్టర్లు చూసేది నాలుగు నుంచి ఏడుకి కనీసం 15 శాతం తగ్గిందా అని. ఈ ఇంజెక్షన్ తీసుకున్న వాళ్లు మాత్రం ఫోలిక్ యాసిడ్ ఆపాలి, ఇంట్లో పాత షీటులో మిగిలినవి ఉన్నాయి కదా అని వేసుకోకండి.

ప్రొజెస్టిరాన్ సంగతి

బీటాతో పాటు దీన్నీ రాస్తున్నారు ఈ మధ్య. 5 నానోగ్రాముల లోపుంటే గర్భం నిలిచే అవకాశం చాలా తక్కువ, 20, 25 దాటితే బాగున్నట్టు, మధ్యలో ఉంటే పెద్దగా ఏమీ చెప్పదు. చాలామందికి వచ్చేది ఆ మధ్యలోనే. కొన్ని ల్యాబ్‌లు నానోమోల్‌లో ఇస్తాయి, గల్ఫ్ నుంచో బ్రిటన్ నుంచో రిపోర్టు పంపేవాళ్లు ఇది చూసుకోండి, ఆ అంకెని 3.18తో భాగిస్తే మన దగ్గరి లెక్క వస్తుంది. అక్కడి 16 అంటే ఇక్కడి 5.

అయితే మందులు వాడుతుంటే ఈ పరీక్షకి అర్థం మారిపోతుంది. గర్భం నిలవడానికి రాసే డుఫాస్టన్ బిళ్లల రసాయనం వేరు, మెషిన్ దాన్ని ప్రొజెస్టిరాన్‌గా లెక్కపెట్టదు, అందుకని "రోజుకి రెండు బిళ్లలు వేసుకుంటున్నా పెరగలేదేంటి" అని దిగులు పడటంలో అర్థం లేదు. సస్టెన్ లాంటి ప్రొజెస్టిరాన్ మందులు కింద (యోనిలో) పెట్టుకుంటే గర్భసంచికి బాగా అందుతుంది, చేతి రక్తంలో అంతగా కనిపించదు. ఇంజెక్షన్ చేయించుకుంటే రక్తంలో బాగా కనిపిస్తుంది, కానీ అది మీ శరీరం తయారు చేసింది కాదు, సూదిది. ఏ మందు, ఎప్పుడు, ఎలా వాడారో చెప్పకుండా ఈ అంకెని ఎవరూ చదవలేరు.

ఇంకోటి, ప్రొజెస్టిరాన్ తగ్గింది కాబట్టి గర్భం పోయింది అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది తిరగబడి: గర్భం సరిగ్గా లేదు కాబట్టి ప్రొజెస్టిరాన్ తగ్గింది. బ్రిటన్‌లో 4,153 మంది బ్లీడింగ్ ఉన్న గర్భిణుల మీద చేసి 2019లో ప్రచురించిన ప్రిజమ్ అధ్యయనంలో అందరినీ కలిపి చూస్తే ఈ మందుతో స్పష్టమైన తేడా తేలలేదు. కానీ అంతకుముందు గర్భస్రావాలు అయ్యి, ఇప్పుడు మళ్లీ బ్లీడింగ్ అవుతున్న వాళ్లలో ఉపయోగం కనిపించింది, మూడు లేదా అంతకంటే ఎక్కువ అయిన వాళ్లలో బిడ్డ పుట్టినవి 57 శాతం నుంచి 72 శాతానికి పెరిగాయి. అంటే మీకు ఇది ఎందుకు రాశారో అడగండి, అడగడంలో తప్పేం లేదు.

స్కాన్ ఎప్పుడు, బీటా ఎప్పుడు ఆపాలి

లోపలి నుంచి (యోని ద్వారా) చేసే స్కాన్‌లో ఐదో వారం దాటాక సంచి కనిపించడం మొదలవుతుంది, ఆరు, ఆరున్నర వారాలకి గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. బీటా 3,500 దాటినా గర్భసంచిలో ఏమీ కనిపించకపోతే అనుమానించాల్సిందే, 1,000 దగ్గర ఏమీ కనిపించలేదంటే మాత్రం తొందరపడి బాధపడక్కర్లేదు. సెంటర్లో ఆధార్ అడుగుతారు, ఫారం మీద సంతకం పెట్టమంటారు, అది 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం కోసం, ఇంకేం కాదు, కార్డు పట్టుకెళ్లండి, అది లేక వెనక్కొచ్చేవాళ్లు చాలామంది.

హార్ట్‌బీట్ రాలేదు, డీ అండ్ సీకి (గర్భసంచి శుభ్రం చేయడానికి) రేపే రండి అంటే, ఒక్క నిమిషం ఆగి రిపోర్టులో కొలతలు చూడండి. 2013లో రేడియాలజిస్టుల బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పెట్టిన హద్దులు డాక్టర్లందరికీ తెలిసినవే: పిండం పొడవు 7 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ ఉండి గుండె కొట్టుకోకపోతే, లేదా సంచి సగటు కొలత 25 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ ఉండి లోపల పిండం లేకపోతే, అప్పుడే ఒక్క స్కాన్‌తో తేల్చి చెప్పొచ్చు. అంతకంటే తక్కువుంటే వారం, పదిరోజులాగి మళ్లీ స్కాన్ చేస్తారు. మీకు బ్లీడింగ్, నొప్పి విపరీతంగా లేకపోతే ఆ వారం అడిగి తీసుకునే హక్కు మీకుంది.

గుండె కొట్టుకోవడం కనిపించాక బీటా చేయించడం ఆపేయండి. ఇక అది మీకు టెన్షన్ తప్ప ఏమీ ఇవ్వదు. 8 నుంచి 11 వారాల మధ్య అది శిఖరానికి చేరి తర్వాత తనంతట తానే తగ్గుతుంది, పదకొండో వారంలో ఎవరో సరదాగా చేయించుకుని "సగమైంది మేడమ్" అని వణుకుతూ వచ్చారంటే నమ్మండి. మరో వైపు, పిండం ఆగిపోయాక కూడా మాయ కణాలు కొన్నాళ్లు హార్మోన్ వదులుతూనే ఉండొచ్చు, బీటా వేలల్లో ఉంది కాబట్టి అంతా బాగుందనీ అనుకోలేం.

రోజూ బీటా చేయించేవాళ్లు కూడా ఉన్నారు. 24 గంటల తేడాలో మెషిన్ ఎగుడుదిగుడులు కూడా కలిసిపోతాయి, డబ్బు దండగ, చెయ్యి నీలం. నెట్‌లో చదివి సీఏ 125, ఇన్‌హిబిన్, పాప్-ఏ చేస్తారా అని అడుగుతుంటారు. వాటి మీద పరిశోధనలు ఉన్న మాట నిజమే, కానీ ఈ దశలో మీ డాక్టర్ నిర్ణయం మార్చేవి హెచ్‌సీజీ, కొంతవరకు ప్రొజెస్టిరాన్, ఆపైన స్కాన్. రెండుసార్లు గర్భం పోయాక మన దగ్గర అలవాటుగా రాసే టార్చ్ ప్యానెల్ (కొన్ని ఇన్ఫెక్షన్ల పరీక్షలు) కూడా నా దృష్టిలో అలాంటి ఖర్చే, బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ 2011లోనే అది ఇందుకు పనికిరాదని పక్కన పెట్టేసింది. దాని బదులు థైరాయిడ్, షుగర్, రక్తం గడ్డకట్టేలా చేసే ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్షల గురించి అడగండి. ఆ యాంటీబాడీలు పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చేయించి అప్పుడూ పాజిటివ్ వస్తేనే లెక్క, ఒక్కసారి వచ్చిందని జబ్బు అంటగట్టుకోవద్దు.

బొప్పాయి తిన్నావా, బండి మీద వెళ్లావా, మెట్లెక్కావా అని ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. తొలి వారాల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి, అది అండం, వీర్యకణం కలిసిన రోజే అయిపోయిన పని. ఆ మాట ఇంట్లో మీరు చెప్పలేకపోతే డాక్టర్ చేత అందరి ముందూ చెప్పించండి, మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని.

మీది నెగటివ్ బ్లడ్ గ్రూపైతే బ్లీడింగ్ మొదలైన రోజే డాక్టర్‌కి చెప్పండి, యాంటీ-డి ఇంజెక్షన్ కావాలా వద్దా అన్నది ఎన్ని వారాలు, ఏం జరిగింది అన్నదాన్ని బట్టి వాళ్లు తేలుస్తారు. ఇవ్వాల్సి వస్తే 72 గంటల్లోపు ఇవ్వాలి కాబట్టి గ్రూపు కార్డు కోసం బీరువా వెతుక్కునే టైమ్ ఉండదు, ముందే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం మీద చివరి పీరియడ్ తేదీ, కిట్‌లో గీత వచ్చిన తేదీ, రక్తం ఇచ్చిన తేదీలు, టైములు, పక్కనే అంకెలు, వాడుతున్న మందులు, బ్లీడింగ్ ఏ రోజు ఎంత అయిందో రాసుకెళ్లండి. రిపోర్టులు ప్రింట్ తీయించి తేదీల వరసలో ఫైల్లో పెట్టండి. ఫోన్‌లో ఉన్నాయి కదా అంటారు, ఓపీలో మీ వంతు వచ్చాక పెళ్లిళ్ల గ్రూపు వీడియోల మధ్య ఆ పీడీఎఫ్ వెతుక్కునే లోపే డాక్టరమ్మ తర్వాతి పేషెంట్‌ని పిలిచేస్తారు.